ఊర్మిల పేరు లేని వాంగ్మూలం

జగిత్యాల బస్టాండ్‌ల పొద్దున ఎనిమిదింటి కోరుట్ల బస్సు ఎక్కితే శోభకు కిటికీ సీటు దొరుకుతది. ఒడిల ల్యాప్‌టాప్, కాళ్ల కాడ చిన్న ప్రింటర్, సంచిల వేలిముద్రల సిరా డబ్బి. కోర్టు దాక నడువలేని సాక్షుల ఇండ్లకు కోర్టు ఒక వకీలును కమిషనర్‌గ పంపుతది. ఆయన వెంట పోయి, సాక్షి చెప్పింది టైప్ కొట్టుడు ఆమె పని. ఒకనాడు సిరిసిల్ల, ఒకనాడు కొడిమ్యాల. తొమ్మిదేండ్ల సంది ఇదే తిరుగుడు.

కోర్టు కాగితం మీద వేలిముద్ర పడ్డంక, ఆ ముచ్చట్ల కాగితంల ఉన్నదే మనిషికి మిగులుతది. రాయనిది మతిలకెల్లి పోతది. సిరిసిల్లల మరమగ్గం కింద చెయ్యి నలిగిన సమ్మయ్యకు తెగిన రెండు వేళ్లు యాదికున్నయి, నొప్పి యాదికి లేదు. నొప్పి ఎవరూ రాయలే. తర్వాత పక్కింటోళ్లు ఎంత చెప్పినా, ఎవరిదో కథ విన్నట్టు ఊ కొడుతడు. శోభ సుత విడాకులప్పుడు సంతకం పెట్టింది. ఆరేండ్ల కాపురం పదకొండు వాక్యాలయింది. పీడ పోయిందనుకున్నది.

ఆ దినం కోరుట్లల లసుమవ్వ ఇల్లు. డెబ్బై ఏండ్ల మనిషి, నడుము పడిపోయింది, మంచంల కూసోనే బీడీలు చేస్తది. ఇల్లు తనకు అమ్మిందని మరిది కొడుకు శ్రీధర్ కాగితం చూపెట్టి దావా ఏసిండు. లసుమవ్వ వకీలు వర్షిత, అసలు వేలిముద్రే ఎయ్యలేదని కోర్టుకు జవాబు రాసింది. ఏదున్నా ముందుగాల కాదనుడు ఇక్కడి వకీళ్ల అలవాటు. ముసలిదాన్ని కూసోబెట్టి ఏం జరిగిందని అడిగే తీరిక ఎవరికున్నది?

శ్రీధర్ దిక్కు వకీలు అడిగిండు. "గీ వేలిముద్ర నీదేనా అవ్వా?"

"కాదు."

"ఆ దినం ఏడున్నవ్?"

లసుమవ్వ వర్షిత దిక్కు చూసింది. "ఇంట్లనే. బీడీలు చేసుకుంట."

కమిషనర్ కరుణాకర్ రావు వాక్యం చెప్పిండు, శోభ కొట్టింది. అరగంటల అయిపోయింది. వేలిముద్రకు ముందు సాక్షికి చదివి వినిపియ్యాలె. శోభ చదివింది.

"నా బిడ్డ ఊర్మిల ఏడుంది గిండ్ల?" అన్నది లసుమవ్వ.

"ఆమె ముచ్చట ఎవరడిగిండ్రు?" కరుణాకర్ రావు గడియారం చూసుకున్నడు.

"ఆ దినమే గదయ్యా నా బిడ్డ పోయింది. దవాఖానల, నా చేతులల్లనే. ఆపరేషన్ కాగితమని గీ శ్రీధరే తెచ్చిండు, నేను వేలు పెట్టిన. ఊర్మిల తన కొంగుతోని నా వేలి సిరా తుడిసింది. గంటకు పానం ఇడిసింది."

తన వకీలు పక్కన నిలబడ్డ శ్రీధర్ బిత్తరపోయిండు. "నేను దవాఖానకే రాలే పెద్దమ్మా!"

వాని మొకంల దొంగతనం లేదు. పెద్దమ్మ ఇష్టపడి అమ్మిందని పోయిన వారమే తన వాంగ్మూలం మీద సంతకం పెట్టిండు. ఇప్పుడు వానికి అదే నిజం. తిట్టుదామన్నా, తప్పు చేసినోడు ఆ ఒంట్ల లేడు.

వర్షిత మంచం కాడ వంగింది. "అవ్వా, గిది రాపిస్తే ఇల్లు పోతది. వేలే ఎయ్యలేదని మనమే రాసిచ్చినం."

"రాయకుంటే?"

రాయకుంటే ఏమైతదో ఆ అర్రల అందరికీ ఎరుకే. బిడ్డ సచ్చిపోతుంటే ఇంట్ల బీడీలు చేసుకుంట కూసున్న తల్లి అయితది.

లసుమవ్వ శోభ చెయ్యి పట్టుకున్నది. "నువ్వైతే ఏం చేస్తవ్ బిడ్డా?"

తొమ్మిదేండ్లల ఏ సాక్షీ టైపిస్టును ఏదీ అడగలే. శోభ తన పదకొండు వాక్యాలను మతిల తిప్పి చూసుకున్నది. ఆ ఆరేండ్లల తను ఒక్కనాడన్న నవ్విందో లేదో వాటిల్ల లేదు.

"నాకు తెల్వదవ్వా," అన్నది.

"రాయి," అన్నది లసుమవ్వ. "కొంగు ముచ్చట సుత రాయి."

"కొంగు కేసుకు అక్కెర లేదు," అన్నడు కరుణాకర్ రావు.

"నాకు అక్కెర. అది లేంది నేను వేలు పెట్ట."

ఆయన విసుక్కుంటనే చెప్పిండు. శోభ కొట్టింది, కొంగుతోని సహా.

మూడు నెలలకు ఇల్లు పోయింది. ఖాళీ చేపిచ్చే దినం సామాన్ల జాబితా కొట్టుటానికి మళ్ల శోభనే పోయింది. మంచం ఒకటి. బీడీల చాట ఒకటి. గిన్నెలు నాలుగు. దుప్పట్లు రెండు. పైన దావా నంబరు.

"ఇంటి ముచ్చట ఒక్క లైను రాస్త సార్," అన్నది శోభ. "నలభై ఏండ్లున్నది ఇండ్ల."

"సామాన్ల జాబితాల ఇల్లెందుకమ్మా? కానియ్," అన్నడు కరుణాకర్ రావు.

లసుమవ్వ వేలు పెట్టింది. శ్రీధర్ పెద్దమ్మను భద్రంగ ఎత్తుకొని పోయి, రుద్రంగిల చెల్లె ఇంటికి పోయే ఆటోల కూసోబెట్టిండు. నడుము కింద మెత్తగ దుప్పటి మడిసి పెట్టిండు.

"సల్లగుండు బిడ్డా," అన్నది లసుమవ్వ వానితోని. ఊర్మిల ఎట్ల పోయిందో, కొంగు ఎట్ల పట్టుకున్నదో ఆటో డ్రైవర్‌కు మొత్తం చెప్పింది. ఒక్క మాట తప్పిపోలే. ఆటో కదిలేముందు తల బయటికి పెట్టి, తెరిసి ఉన్న తలుపు దిక్కు చూసింది.

"గీ ఇల్లు ఎవరిది బిడ్డా? మంచిగున్నది."

శోభ ప్రింటర్ సంచిని చంకకు ఎత్తుకున్నది.

"శ్రీధర్‌ది అవ్వా."