పడని బోర్లు

తాడు చివర కట్టిన ఇనుప నట్టును బోరులోకి వదిలి, గాబ్రియేలు బార తర్వాత బార జారుస్తున్నాడు. బారకొక ముడి. నూరో ముడి దాటింది, అడుగు తగిలింది, తడి మాత్రం లేదు. తన చేలోని మూడు పడని బోర్లనూ రోజూ పొద్దున్నే ఇలా పలకరించకపోతే ఆయనకు కాఫీ దిగదు. నీళ్లొస్తాయన్న ఆశ ఎప్పుడో చచ్చింది. అలవాటు చావలేదు.

తాడు చుట్టి, బోరు మూతి మీదికి కడప బండ జరిపేసరికి దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. ముప్పై ఏళ్లు బోరు బండి మీద పనిచేసి రాతిపిండి మింగిన రొమ్ము అది. మనిషి ఎండిన కందికట్టెలా ఉంటాడు.

"ఈ పొద్దు మీటింగుకు పోవద్దులే. డాక్టరు కదలొద్దన్యాడు" అంది భార్య కృపమణి.

"పోతాండా. బోర్లేసినోన్ని నేను. నేను చెప్పకుంటే ఎవురు చెప్తారు?"

కమలాపురం దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ తన పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, గొట్టాలతో నేల లోతుకు పంపి దాస్తుందట. అనుమతికి ముందు ఊరివాళ్ల మాట వినాలి, పాత బోర్లన్నీ చూపించి మూయాలి. ఒక్కటి తప్పినా వాయువు అందులోంచి పైకి తన్నవచ్చు. కంపెనీ పుస్తకంలో చుట్టుపక్కల మూడూళ్లకూ కలిపి పన్నెండు బోర్లే ఉన్నాయి. గాబ్రియేలు చేతుల మీదుగా దిగినవే దానికి అయిదింతలు.

బోరు పడితే టెంకాయ కొట్టి ఊరంతా చాటుతారు. పడకపోతే గుట్టుగా బండ మూసి మట్టి కప్పుతారు. చేలో నీళ్లు లేవంటే పిల్లనిచ్చేవాడెవడు, అప్పిచ్చేవాడెవడు? ఆ గుట్టు విప్పకపోవడమే బోరు బండివాళ్ల నీతి. గాబ్రియేలు ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ అది తప్పలేదు.

షామియానా కింద కంపెనీ ఇంజనీరు తియ్యగా మాట్లాడాడు. "మీ పాసుపుస్తకం పైనేలకేనండి, అంత లోతులోని రాయి మీది కాదు. ఇక బోర్లంటారా, పన్నెండూ సిమెంటుతో మూసేస్తాం."

గాబ్రియేలు మైకు అందుకున్నాడు.

"నా రెండెకరాల్లో మూడు బోర్లేసినా. మూడూ పడల్యా. మీ పుస్తకంలో ఒగటీ లేదు. రాసుకోండి."

"ఇంకెవరి పొలాల్లో ఉన్నాయో తెలుసా?" అని అడిగింది సభ నడుపుతున్న జాయింట్ కలెక్టరు.

ముందు వరసలో రైతులు తలలు దించుకున్నారు. ఎవరి చేలో ఎన్ని, ఎంత లోతు, అన్నీ గాబ్రియేలు నాలుక చివరే ఉన్నాయి.

"తెలుసమ్మా. అయితే ఎవురివి వాళ్లే చెప్పల్ల. సిగ్గని దాచుకుంటే రేపు ఆ బొక్కల్లోంచే వాయువొచ్చి మన పిల్లోళ్ల గొంతు పట్టుకుంటాది. చెప్పిందాకా నేనీడనే నిలబడతా."

నిలబడ్డాడు. దగ్గు విరగబడి వచ్చినా మైకు వదల్లేదు. కూర్చోమని ఎవరో చెయ్యి పట్టుకుంటే విదిలించాడు.

అప్పుడు లేచాడు పుల్లయ్య. అరవై ఎకరాల ఆసామి, నీళ్లకు కరువులేని దొరని చుట్టుపక్కల పేరు.

"నాయి ఏడు. ఏడూ బండల కిందుండాయి. కావాలంటే గాబ్రియేలునడుగు."

ఆ మాటతో కట్ట తెగింది. ఒకరు రెండన్నారు, ఒకరు నాలుగన్నారు. ముసలి వెంకటలక్ష్మమ్మ కర్ర పట్టుకుని లేచి, "నా మొగుడు సచ్చిందే ఆ బోరు దిగులుతో. రాసుకోమ్మా" అంది.

సాయంత్రానికి లెక్క అరవై నాలుగుకు చేరింది. "రాసింది సదివి ఇనిపించండి" అన్నాడు గాబ్రియేలు. వినిపించక తప్పదు, అదీ చట్టమే. జాయింట్ కలెక్టరు అంతా తెలుగులో చదివి సంతకం పెట్టింది. సర్వే మళ్లీ మొదటి నుంచి చేయాలని కూడా అందులోనే రాసింది. ఇంజనీరు మొహం వాడిపోయింది. గాబ్రియేలుకు కడుపు నిండింది.

ఇంటికొచ్చి చేలోకి పోయి, మూడో బోరు బండ మీద కూర్చున్నాడు. కృపమణి మజ్జిగ తీసుకుపోయేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, ఊపిరి లేదు. పక్కన కూలబడి ఆమె గుండెలవిసేలా ఏడ్చింది. ఆయన మొహం మాత్రం పందెం గెలిచి వచ్చినవాడిలాగే ఉంది.

పెట్టె మోసినవాళ్లలో పుల్లయ్య ఉన్నాడు. చర్చి సమాధుల దొడ్డిలో ఆయన కాలు పెట్టడం అదే మొదలు.

పదోనాడు కొత్త సర్వేవాళ్లొచ్చారు. వాళ్ల టేపు అడుగుకు అందక తాడు అడిగితే, కృపమణి వాకిట్లోని కొయ్యకు తగిలించిన తాడు తీసి ఇచ్చింది. అరవై నాలుగు బోర్లూ కొలిచి తెచ్చి మళ్లీ అక్కడే తగిలించారు. నట్టు దగ్గరి ముడి ఇప్పటికీ పొడిగానే ఉంది.