మద్రాసు టెస్టు, ఎడమ చెవి

హైమవతికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు చాలా చిన్నది. రేడియోకి చేసే మర్యాదలో నాలుగోవంతు తనకు చేసినా కాపురం కళకళలాడిపోయేదని. శోభనాద్రి పొద్దున లేస్తూనే మెత్తటి గుడ్డతో దాని ఒళ్ళు తుడుస్తాడు. ఎండ తగలనివ్వడు. దాని పక్కన ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వడు. ఆట మంచి పట్టులో ఉండగా దాని గొంతు పూడుకుపోయినా విసుక్కోడు, రెండు వేళ్ళతో మీట మెల్లగా తిప్పి బుజ్జగిస్తాడు. కొన్ననాటి నుంచి ఒక్కసారైనా దాని మీద చెయ్యి చేసుకున్న పాపాన పోలేదు.

అరవై నాలుగు జనవరి. మద్రాసులో టెస్టు. తోటలో మామిడి పూత మీద మందు కొట్టే కూలీలకు అన్నం క్యారియర్లు, హాల్లో రేడియో చుట్టూ చేరిన పెద్దమనుషులకు కాఫీలు. ఆ పని మధ్యలోనే ఆమె వంటింటి గుమ్మంలో కుడిచెవి హాలు వైపు పెట్టి కూర్చుని, ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుని స్కోరు రాసేది. కామెంటరీ అంతా ఇంగ్లీషు. శోభనాద్రికి అందులో సగం అందుతుంది, మిగతావాళ్ళకి చప్పట్లు అందుతాయి. గుంటూరు కాలేజీలో బి.ఏ. చదివిన పెళ్ళాం రాసిపెట్టిన పుస్తకం చూసుకుని సాయంత్రానికి ఆయన ఊళ్ళో క్రికెట్ పండితుడయ్యేవాడు. ఆ పాండిత్యానికి తనకు దక్కింది ఒక ఎడమ చెవి, అనుకునేది హైమవతి. దక్కింది కాదు, పోయింది.

అయిదేళ్ళ కిందట, ఇలాంటి జనవరిలోనే, ఆయన స్నేహితుల ముందు ఎవరిదో స్కోరు నలభై ఒకటి అన్నాడు. "నలభై ఆరండీ," అంది ఆమె గుమ్మంలోంచి. వాళ్ళు నవ్వారు. వాళ్ళు వెళ్ళాక ఆయన వంటింట్లోకొచ్చి కొట్టాడు. ఒక్క దెబ్బే. చెవిలో ఈల మొదలైంది. నెల తిరిగేసరికి ఈల ఆగింది, దాంతోపాటు ఆ పక్క లోకమంతా ఆగింది. అత్తగారు అచ్చమ్మ అప్పుడక్కడే కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. తలెత్తి చూసింది, మళ్ళీ దించుకుంది. మర్నాటి నుంచి ఇరుగూపొరుగూ ఎవరడిగినా ఆవిడదే జవాబు: "పుట్టింటి జబ్బమ్మా. వాళ్ళమ్మకీ చెవి కారేదట." పాపం హైమవతి తల్లికి పోయేనాటికి ఎదురింట్లో పాలు పొంగితే వినపడేది. అయితే ఒకటి, ఈ అయిదేళ్ళలో అచ్చమ్మ కోడలితో ఏ మాట చెప్పాలన్నా చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చే చెప్పేది. అది జాలో భయమో హైమవతికి ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడా అబద్ధం కాళ్ళకి చుట్టుకుంది. కొత్తగా పెట్టిన ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఆమెకు ఆర్డరు వచ్చింది. సోమవారంలోగా ఆరోగ్యం బాగుందని గవర్నమెంటు డాక్టరు సంతకం కావాలి. "చెయ్యి, నేనేం వద్దననే," అన్నాడు శోభనాద్రి, వద్దనవలసిన అవసరం లేదని తెలిసినవాడిలా. ఆస్పత్రికి తానే వెంటబెట్టుకు వెళ్ళాడు. డాక్టరు సలోమోను చెవిలోకి లైటు వేసి చూసి, ఇదెలా పోయిందని ఆమెనడిగితే జవాబూ తానే చెప్పాడు. "వంశంలో ఉందండీ. వాళ్ళమ్మకీ ఉండేది. కావాలంటే మా అమ్మనడగండి." హైమవతి నోరు తెరిచింది. పక్కన ఆయన భుజం తగిలింది. మూసుకుంది.

"పాతబడిపోయింది, చూసి చెప్పలేను," అన్నాడు డాక్టరు. "దెబ్బ వల్లయితే ఇబ్బంది లేదు, రెండో చెవి బ్రహ్మాండంగా ఉంది. వంశంలో జబ్బయితే అదీ పోతుంది. అప్పుడు సంతకం పెట్టలేనమ్మా. రేపు కామెంటరీకి వస్తాగా, పెద్దావిడనే అడుగుతాను."

ఆ రేపు ఇవాళ. పొద్దున పొయ్యి దగ్గర అత్తగారిని అడిగింది. "అత్తయ్యా, డాక్టరుగారు అడిగితే ఏం చెప్తారు?"

"ఏం చెప్పాలో వాడు చెప్పాడులే," అంది అచ్చమ్మ, ఊదుగొట్టం అందుకుంటూ.

మధ్యాహ్నం లంచ్ బ్రేక్ ఇచ్చారు. రేడియోలో వీణ మొదలైంది. హాల్లో వాదన మొదలైంది. అసలు గొప్ప ఆటగాడంటే ఎవరు?

"పరుగులండీ," అన్నాడు ప్లీడరు గుమాస్తా వెంకటేశ్వర్లు. "రేపు పుస్తకంలో మిగిలేవి అవే. తక్కినదంతా కాఫీ హోటల్ కబుర్లు."

"పరుగులదేముందండీ," అన్నాడు డ్రిల్లు మాస్టారు పరదేశి. "ఆఖర్రోజు నేల పగిలిపోయి, బంతి ఎటు తిరుగుద్దో దేవుడిక్కూడా తెలీనప్పుడు, పొద్దున్నించీ సాయంత్రందాకా నిలబడతాడు చూశారా, వాడండీ ఆటగాడు."

"నిలబడ్డానికేం, మా పెరట్లో గేదెని కట్టేసే గుంజా నిలబడుద్ది," అన్నాడు వెంకటేశ్వర్లు.

పొద్దున్నించీ సాయంత్రందాకా నిలబడేవాళ్ళ గొప్పతనం గురించి హైమవతికి చెప్పవలసింది చాలానే ఉంది. కాని చేతిలో గ్లాసులున్నాయి.

శోభనాద్రి చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "మీరు ఆట చూస్తున్నారు, మనిషిని చూట్లేదు. బంతి బ్యాటు అంచుకి తగిలిందనుకోండి. ఈక తగిలినంత. అంపైరుకి వినపళ్ళేదు. జనానికి కనపళ్ళేదు. తగిలిందని వాడికి తెలుసు. అంపైరు వేలెత్తేదాకా ఆగకుండా బ్యాటు చంకన పెట్టుకుని వచ్చేస్తాడు చూడండి, వాడు గొప్పవాడు. మిగతావాళ్ళంతా ఆడేవాళ్ళు, అంతే."

డాక్టరు తలూపాడు. గోడవారగా మంచం మీదున్న అచ్చమ్మ కదిలింది. అయిదేళ్ళుగా ఆ రేడియో పక్కన కూర్చుని క్రికెట్ గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఎవరూ చూడకపోతే ఎందుకు రావాల్రా?"

"తనకి తెలుసు కదమ్మా."

"వెనకాల ఒకడు నిలబడతాడన్నావుగా, బంతి పట్టేవాడు. వాడు వినే ఉంటాడుగా?"

"వాడి మాట ఎవరు నమ్ముతారమ్మా, వాడు అవతలి జట్టు," అన్నాడు శోభనాద్రి. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

నవ్వు సద్దుమణిగాక డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. "పెద్దమ్మగారూ, మీ కోడలి చెవి సంగతి అడగాలి. ఆ కాయితం సోమవారంలోపు పంపాలి."

హైమవతి కాళ్ళ కింద గచ్చు చల్లగా తగిలింది. అత్తగారు ఏం చెప్తుందో తెలుసు. ఆవిడ చెప్పాక తాను చెప్పినా అది ఉద్యోగం కోసం కోడలు వేసిన నింద అవుతుంది. చెప్పేదేదో ముందే చెప్పాలి. గుమ్మంలోంచి మాట్లాడితే ఏమవుతుందో ఆమెకు అనుభవమే. అందుకే గుమ్మం దాటి హాల్లోకొచ్చి నిలబడింది.

"దెబ్బండీ," అంది. "అయిదేళ్ళ కిందట. ఈయన కొట్టారు."

రేడియోలో వీణ తన దారిన తాను మోగుతోంది. వెంకటేశ్వర్లు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. శోభనాద్రి ముందు నవ్వాడు, తర్వాత ఎర్రబడ్డాడు, తర్వాత మళ్ళీ నవ్వాడు. "ఉద్యోగం మీద మోజు డాక్టరుగారూ, ఏ మాటయినా అనిపిస్తుంది. మా అమ్మే ఉందిగా. చెప్పమ్మా."

అచ్చమ్మ కొడుకు వైపు చూడలేదు. మంచంపట్టె పట్టుకుని మెల్లగా లేచింది.

"కొట్టాడు బాబూ. నా కళ్ళముందే."

"అమ్మా, నువ్వు లోపలికి పో."

"వాళ్ళమ్మకి చెవి కారడం నేను కల్పించిందే," అంది అచ్చమ్మ. "ఆ మహాతల్లిని నేను పెళ్ళిలో తప్ప చూసి కూడా ఎరగను. ఊరంతా చెప్పాను. చెప్పీ చెప్పీ ఒక్కోసారి నేనే నమ్మాను."

శోభనాద్రి లేచాడు. డాక్టరు ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఉంచాడు. గట్టిగా ఏం కాదు, అలా వేసి ఉంచాడంతే. అచ్చమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వాడు ఒక్కరోజు కొట్టాడు. నేను అయిదేళ్ళూ కొడుతూనే ఉన్నాను. తప్పు చేశాను. రాసుకో బాబూ."