అద్దెకొచ్చిన నోరీన్

చెల్లెలు పోయాక లాన్సెస్టన్ ఊళ్ళో ఆమె ఇల్లు మెర్వ్ చేతికొచ్చింది. బస్సు డ్రైవరుగా రిటైరైన అతనికి ఇల్లు అద్దెకివ్వడం కొత్త. అతని పక్కింటి కోలిన్ మాత్రం అన్నీ తెలిసినవాడిలా హెచ్చరించాడు.

"ఒరేయ్, గవర్నమెంటు సాయంతో అద్దె కట్టేవాళ్ళ జోలికి పోకు. తర్వాత నెత్తీ నోరూ బాదుకున్నా లాభం ఉండదు."

ఇల్లు చూడటానికి వచ్చిన మొదటి మనిషే అలాంటిదైంది. నోరీన్ పైబస్, అరవై దాటిన ఒంటరి మనిషి. గుమ్మంలో బూట్లు తుడుచుకుంటూనే సంగతి చెప్పేసింది.

"నాది పింఛను బతుకండీ. అద్దెకని గవర్నమెంటు కొంత కలుపుతుంది. పింఛను నా చేతికి రాకముందే అందులోంచి అద్దె మీకు చేరేలా ఏర్పాటు చేస్తాను. ఆ బెంగ మీకక్కర్లేదు."

మెర్వ్ ఇంకేదో అడగబోయేలోపు ఆమె పడగ్గదిలోకి వెళ్ళి, కిటికీ కింద గోడకు అరచెయ్యి ఆనించింది.

"చెమ్మండీ ఇది! చలికాలానికి బూజు పడుతుంది. పాత ఇంట్లో ఇలాగే దగ్గు పట్టుకుంది నాకు. ఓనరుకి చెబితే, నువ్విచ్చే అద్దెకి ఇదే ఎక్కువ అన్నాడు. మీరేమంటారు?"

మెర్వ్ తనూ గోడ తడిమి చూశాడు. వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో అని ఇన్నాళ్ళూ మథనపడ్డాడు గానీ, తానిచ్చే ఇల్లు ఎలా ఉందో చూసుకోనేలేదు.

"బాగు చేయిస్తానండీ."

"అయ్యాకే వస్తాను."

కోలిన్ పగలబడి నవ్వాడు. "పరీక్ష నువ్వు పెట్టాల్రా, ఆవిడ నీకు పెట్టిందా?" అన్నాడు గానీ, నిచ్చెన తెచ్చింది అతనే. పైకప్పు అంచున వాన నీటి గొట్టం పగిలి, నీళ్ళన్నీ గోడలోకి దిగుతున్నాయి. గొట్టం మార్చారు, గోడ గీకి ఆరనిచ్చి రంగు వేశారు. "అంతా రాణిగారి కోసం," అని కోలిన్ సణుగుతూనే ఉన్నాడు.

నోరీన్ మళ్ళీ వచ్చి, ఆ సణుగుడు వింటూనే గోడ తడిమి, నవ్వి, అద్దె కాగితాల మీద సంతకం పెట్టింది.

అద్దె ఏనాడూ ఆలస్యం కాలేదు. కోలిన్ కూడా ఆ ఊసెత్తడం మానేశాడు. ఒక ఆదివారం మెర్వ్ తన పెరటి నిమ్మకాయలు పట్టుకుని సరాసరి వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి నోరీన్ చూసింది.

"ఓనరుగారూ, చెప్పాపెట్టకుండా వచ్చేస్తే ఎలాగండీ? ముందు ఫోన్ చెయ్యాలి."

చెవులు ఎర్రబడగా మెర్వ్ గేటు దాకా వెనక్కి నడిచి ఫోన్ చేశాడు. కిటికీలో అతనికి కనిపిస్తూనే ఆమె ఫోనెత్తింది.

"ఎవరండీ?"

"మెర్వ్‌నండీ. నిమ్మకాయలు తెచ్చాను, రావచ్చా?"

"రండి రండి, కేకు ఇప్పుడే దించాను. ఆ సణుగుడాయన్ని కూడా పిలవండి."