మేకలు వదిలిన జాగా

సలోమికి పద్నాలుగు మేకలు. వెల్దుర్తి పక్క బీడులో ఒకదాన్నొకటి రాసుకుంటూ మేస్తాయి. ఆ మంగళవారం పొద్దున మాత్రం బొల్లిమేక చుట్టూ బారెడు జాగా వదిలేశాయి. మేకపోతు దగ్గరికొచ్చి, దాని మూతి వాసన చూసి పక్కకు తప్పుకుంది.

మధ్యాహ్నం మాచవరం నుంచి తమ్ముడు ఏసుబాబు ఆటో వేసుకొచ్చాడు. బొల్లిమేకను అతని మందలోకి ఇస్తానని ఆమె నెల కిందటే మాటిచ్చింది.

"ఇప్పుడొద్దులేరా. దీనికేదో తేడాగా ఉంది."

"ఏం తేడా అక్కా? ఆకు కరకరా నములుతుంటే! ఇయ్యబుద్ధి కాలేదని చెప్పు."

"మిగతాయి దాని దగ్గరికి పోవటంలా."

"మేకలు చెప్పినాయా నీకు?" అంటూ ఖాళీ ఆటోతో విసురుగా వెళ్ళిపోయాడు.

సాయంత్రం కొట్టం మూల తడిక అడ్డం పెట్టి బొల్లిమేకను విడిగా కడుతుంటే సలోమి చేతులు ఆగాయి. తనకు టీబీ వచ్చిన ఏడాది అత్త తన మంచాన్ని వసారాలో వేసింది. కంచం వేరు, గ్లాసు వేరు. దానికి సలోమి బాధపడలేదు. బాధల్లా, ఆర్నెల్లపాటు ఎట్టా ఉన్నావని అడిగినవాళ్ళు లేకపోవటమే. ఏసుబాబు కూడా వాకిట్లో నుంచే తిరిగిపోయేవాడు. మేకలకు అసహ్యం లేదు, వాసన చెప్పినట్టు విన్నాయి. మనుషులకు అంతకంటే తెలియాలి గదా అనుకుంది. బొల్లిమేకకు నీళ్ళు పెట్టి, తాగేదాకా పక్కనే కూర్చుంది.

గురువారానికి దానికి జ్వరం, ముక్కు కారటం, నీళ్ళ విరేచనాలు. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, "రెండు రోజుల ముందే విడిగా కట్టావే! ఎట్లా తెలిసింది?" అంది.

"నాకేం తెలుసమ్మా. వాటికి తెలిసింది."

"జబ్బు చేస్తే ఒంటి వాసన మారుతుంది. మనకంటే ముందు వాటికి అందుతుంది."

ఐదు రోజులు గంజి పట్టినా బొల్లిమేక దక్కలేదు. మిగతావాటిలో రెండింటికే సోకింది, అవి తట్టుకున్నాయి.

కబురు విని ఏసుబాబు వచ్చాడు. పార తీసుకుని గొయ్యి తవ్వాడు. పూడ్చి సున్నం చల్లాక అడిగాడు.

"మందలో అరవై ఉన్నాయక్కా. ఎట్టా పసిగట్టాల?"

"మేతకాడ నిలబడి చూడు. ఏది ఒంటరైతే దాన్ని పక్కన కట్టు. కట్టి వదిలెయ్యమాక. పూటపూటా పోయి పలకరించు."

ఏసుబాబు పార కడిగి గోడకు ఆనించాడు. "నీకు టీబీ వచ్చినప్పుడు నేను వాకిలి దాటి రాలేదు గదా" అన్నాడు.

"చిన్నోడివి. భయపడ్డావు." సలోమి చెంబుతో అతని కాళ్ళ మీద నీళ్ళు పోసింది. "సబ్బు పెట్టి కడుక్కో. చెప్పులిక్కడే వదులు, లేకపోతే జబ్బు నీ మందకు అంటుద్ది."

ఆ పూట అక్క దగ్గర అన్నం తిని, వట్టి కాళ్ళతోనే ఆటో ఎక్కాడు.