ఎర్రబడే చెవి

నెలలో రెండో గురువారం మధ్యాహ్నం క్రాగ్‌ఫోర్డ్ టౌన్ హాల్ మేడ మీది గదిలో పిల్లల కమిటీ కూర్చుంటుంది. ఆ గురువారమూ కూర్చుంది. బయట మార్చి వాన. లోపల స్టీలు బాయిలర్‌లో టీ నీళ్లు, పళ్లెంలో అల్లం బిస్కెట్లు, తెర మీద గళ్ల పట్టిక. పని సరిగా జరిగితే గడి ఆకుపచ్చ, జరగకపోతే ఎరుపు, అటూ ఇటూ కాకపోతే పసుపు. కన్నవాళ్ల దగ్గర ఉండలేక ఊరి పాలన చూసే కౌన్సిల్ సంరక్షణలోకి వచ్చిన పిల్లలకూ, పద్దెనిమిది నిండి బయటికి వెళ్లినవాళ్లకూ అందాల్సినవి అందుతున్నాయా అని చూడటం ఆ కమిటీ పని.

చట్టం లెక్కలో ఆ పిల్లలకు తల్లీతండ్రీ కౌన్సిలర్లే. అందుకని పిల్లలకు వాళ్ల పోలికలు వస్తాయి. సంరక్షణలో చేరిన కొన్నాళ్లకే ఒకడికి ఫలానా కౌన్సిలర్ ముక్కు దిగుతుంది, ఇంకో పిల్లకు ఫలానావిడ నడక పడుతుంది. ఎవరైనా ఎన్నికల్లో ఓడిపోతే వేసవి ముగిసేలోగా వాళ్ల పోలిక పిల్లల్లోంచి కరిగిపోతుంది. మే ఎన్నికలయ్యాక పిల్లల బస్సు పాసుల మీద ఫోటోలు మార్పించడానికి బడ్జెట్లో ఒక చిన్న పద్దు ఉంది. దాని మీద ఎన్నడూ చర్చ జరగలేదు.

కమిటీ అధ్యక్షురాలు డోరీన్ ఆగ్డెన్. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు బడి వంటశాలలో పనిచేసింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె అబద్ధం చెబితే ఎడమ చెవి తమ్మె ఎర్రబడుతుంది. ఆ సంగతి ఆమె తల్లికొక్కదానికే తెలుసు. చిన్నప్పుడు ఏదైనా అడిగితే తల్లి మొహం కేసి చూసేది కాదు, చెవి కేసి చూసేది. తల్లి పోయాక ఇక తెలిసినవాళ్లు లేరు. కౌన్సిల్‌కి మొదటిసారి నిలబడ్డప్పుడు డోరీన్ జుట్టును చెవుల కిందికి దిగేలా కత్తిరించుకుంది.

ఆ రోజు పట్టిక చదువుతున్నది ప్రిచర్డ్, ఆ శాఖ అధికారి. సంరక్షణ దాటిన యువతకు అనువైన నివాసం: ఆకుపచ్చ. మూడు నెలలుగా ఆకుపచ్చే.

"చాలా సంతోషం," అన్నాడు ఉపాధ్యక్షుడు రఫీక్ మహమూద్, బిస్కెట్ టీలో ముంచుతూ. "ఆ ఇళ్లలో ఉంటున్నవాళ్ల మాట కూడా వింటే బాగుంటుంది."

అందుకు కెజియాను పిలిపించారు. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఫిబ్రవరిలో పుట్టినరోజు అయింది. కౌన్సిల్ తరఫున తొమ్మిదేళ్లు పెంచిన బెవ్ ఇంటి నుంచి ఆ వారమే కౌన్సిల్ ఫ్లాటుకు మారింది. తమ్ముడు ఎల్లిస్ ఇంకా బెవ్ దగ్గరే ఉన్నాడు. తడిసిన కోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది.

"భయపడకమ్మా, అందరం నీవాళ్లమే," అన్నాడు మహమూద్. "పోనీలే, నా చెవులు నీకు రాలేదు. అదృష్టవంతురాలివి."

"వచ్చాయండీ. చేటల్లా ఉన్నాయని దాచుకున్నా." కెజియా జుట్టు వెనక్కి తోసి చూపించింది. గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మహమూదే నవ్వాడు.

ప్రిచర్డ్ నవ్వు ఆపి అడిగాడు. "ఫ్లాట్ ఎలా ఉంది, కెజియా?"

"బాగుంది. అంతా బాగుంది."

ఆమె ఎడమ చెవి మహమూద్ చెవే, వెడల్పుగా, కాస్త ముందుకు వంగి. దాని తమ్మె మాత్రం డోరీన్‌ది. అది చూస్తుండగానే కందగడ్డలా ఎర్రబడింది.

డోరీన్ పెన్ను కింద పెట్టింది. "టీకి లేద్దాం," అంది.

"ఇప్పుడేగా తాగాం," అన్నాడు ప్రిచర్డ్.

"ఇంకోసారి తాగండి."

కారిడార్లో హీటర్ పక్కన కెజియాను నిలబెట్టింది. "మళ్లీ చెప్పు తల్లీ. ఫ్లాట్ ఎలా ఉంది?"

"బాగుందన్నాగా."

డోరీన్ ఆమె మొహం చూడలేదు. కాసేపటికి కెజియా చెయ్యి దానంతట అదే చెవి మీదికి వెళ్లింది. వేడిగా తగిలినట్టుంది.

డోరీన్ తన జుట్టు పక్కకు తీసింది. "నాకు ఏ బాధా లేదు," అంది. కెజియా ఎర్రబడుతున్న ఆ చెవిని చూసింది.

"ఛీ! ఇది మీదా?" అంది. "ఇన్నాళ్లూ అలర్జీ అనుకున్నా."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. కెజియా కిటికీ వైపు తిరిగి చెప్పింది. పై అంతస్తులో ఒకడున్నాడు. తాగొచ్చి, తన ఇల్లనుకుని ఈమె తలుపు తన్నాడు. తాళం ఊడింది. తర్వాత కూడా వచ్చాడు, అప్పుడు మాత్రం ఎవరి ఇల్లో తెలిసే వచ్చాడు. తాళం బాగుచేయమని కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే వరుసలో ఉండమన్నారు.

"బాత్‌రూమ్‌కి లోపల గడియ ఉంది. టబ్బులో దుప్పటి వేసుకుని పడుకుంటున్నా. అలవాటైంది."

"ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఫ్లాట్ పనికిరాదని రాస్తారు. శనివారాలు ఎల్లిస్‌ని నా దగ్గరికి పంపరు. ఇప్పుడు మీరెళ్లి చెబుతారు, అంతేగా? నాకు ఊరి నిండా అమ్మానాన్నలే. ఒక్కరికీ నా అడ్రసు తెలీదు."

డోరీన్ తన చెవి తడుముకుంది. ఆ తమ్మె ఇన్నేళ్లలో ఇంకెందరికి వచ్చి ఉంటుంది? జుట్టు కిందో టోపీ కిందో దాచుకుని, ఆ కుర్చీలోనే కూర్చుని, బాగుందని చెప్పి వెళ్లిపోయినవాళ్లు. ఇరవై అయిదు దాటితే కౌన్సిల్ బాధ్యత తీరిపోతుంది, పోలికా పోతుంది. వాళ్లు ఎదురుపడ్డా ఇక గుర్తుపట్టే వీల్లేదు.

"బెవ్ ఇంట్లో మెట్ల పక్కన చిన్న గది ఉండాలే?"

"దాంట్లో ఇస్త్రీ బల్ల ఉంది."

"ఇస్త్రీ బల్ల వంటింట్లోనూ నిలబడుతుంది."

లోపలికి వెళ్లి కూర్చుంది. "ప్రిచర్డ్ గారూ, ఆ గడిని ఎరుపు చేయండి."

"ఇల్లు కేటాయించాం కాబట్టి ఆకుపచ్చ పెట్టామండీ. పైగా ఈ కమిటీలో విడివిడిగా పిల్లల విషయాలు మాట్లాడకూడదని నియమం."

"తెలుసు. నేను రాసిందే. ఎరుపు చేయండి."

"ఏ ఆధారంతో అని రాసుకోమంటారు?"

"నా చెవి."

అతను రాసుకున్నాడు. ఆ నెల సమావేశపు మినిట్స్‌లో ఆ మాట అలాగే ఉంది.

సాయంత్రం డోరీన్ స్వయంగా బెవ్ ఇంటికి వెళ్లింది. బెవ్ అంతా విని, తువ్వాలుతో మొహం తుడుచుకుంది. "గది వేరే పిల్లకి కావాలని ఫోన్ చేసింది మీ ఆఫీసువాళ్లేగా," అంది. "నేనేమన్నా వెళ్లమన్నానా దాన్ని? నా కళ్లముందే సంచులు కట్టించారు." డోరీన్ తలవంచుకుని వింది. రాత్రికి ఇస్త్రీ బల్ల వంటింట్లోకి వచ్చింది. ఎల్లిస్ అక్క దుప్పటి మోసుకెళ్లి చిన్న గదిలో పడేసి, "గురక పెడితే గోడ తంతా," అన్నాడు.

పట్టికలో ఎరుపు కనిపించేసరికి స్థానిక పత్రిక రాసింది. పదేళ్లు అధ్యక్షురాలిగా ఉండి ఏం చూసిందని ప్రత్యర్థులు ఇంటింటికీ కరపత్రాలు వేశారు. అందులో అబద్ధమేమీ లేదు. మేలో డోరీన్ ఓడిపోయింది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం, మార్కెట్ దగ్గర బస్‌స్టాపులో కెజియా కనిపించింది. పక్కన కిరాణా సంచి. కౌన్సిల్ ఆమెకు వేరే ఫ్లాట్ ఇచ్చింది, అక్కడికి మారి వారమైంది. సన్నగా వాన పడుతోంది.

"కొత్త ఫ్లాట్ ఎలా ఉంది?"

"బాగుందండీ."

డోరీన్ కళ్లు అలవాటుగా చెవి మీదికి వెళ్లాయి. వానకి తడిసిన జుట్టు దాని వెనక్కి అంటుకుని ఉంది. వెడల్పు అలాగే ఉంది, మహమూద్ గెలిచాడు కదా. తమ్మె మాత్రం తెల్లగా ఉంది, ఎవరి తమ్మె అయినా ఉండేలా. నిజం చెప్పినా అలాగే ఉంటుంది, చెప్పకపోయినా అలాగే ఉంటుంది.

బస్సు వచ్చింది. కెజియా ఎక్కింది. వెనకాలే డోరీన్ కూడా ఎక్కి టికెట్ తీసుకుంది.

"మీది ఈ బస్సు కాదుగా?"

"కాదు. నీ తలుపు గడియ చూసి వెళ్తాను."

కెజియా పక్క సీటు మీద పెట్టిన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.