గీత కిందికి జారిన చుక్కలు

1983లో పుంగనూరు పాల శీతలీకరణ కేంద్రంలో పాలలో యాసిడ్ కలిపి వెన్న శాతం పరీక్షించే పని నాది. ప్రతి ఊరి పాలకూ వచ్చిన శాతాన్ని రోజూ గోడమీది గ్రాఫు కాగితంపై చుక్కగా పెట్టేవాణ్ణి. పైన ఒకటి, కింద ఒకటి ఎర్ర గీతలు. వాటి నడుమ చుక్కలు ఎగుడుదిగుడుగా ఉండడం సహజం. మేతను బట్టి, ఎండను బట్టి అలా మారుతుంటాయి. గీత దాటితేనే కారణం వెతకాలి.

ఒక సోమవారం అన్ని ఊళ్ల చుక్కలూ కింది గీత దాటాయి. మేనేజరు చెంగల్రాయుడు మాత్రం అన్నిటికన్నా కిందున్న చుక్కనే పట్టుకున్నాడు. అది సదుం దారిలోని పల్లెది. అక్కడ పాలు పోగుచేసి తెచ్చేది గంగులమ్మ. ఎవరో ఒకరిది అట్టడుగున ఉండక తప్పదన్న ఇంగితం ఆయనకు లేకపోయింది. నీళ్లు కలిపిందని ఆమె క్యాన్లు తిప్పి పంపాడు. ఊరంతా ఆమెను దొంగ అంది.

మరునాడు ఆమె మళ్లీ రాగానే ఆయన పళ్లెంలో కర్పూరం వెలిగించాడు.

"ఆర్పి ప్రమాణం చెయ్యమ్మా. తప్పు చెయ్యకుంటే భయం యాల?"

నాకు ఒళ్లు మండింది. "ఇన్ని ఊళ్లోళ్లు కూడబలుక్కోని ఒకే పొద్దున నీళ్లు కలిపినారా సార్? ఆ పొద్దున మారింది ఒకటే. కొత్త యాసిడ్ డ్రమ్ము తెరిచినాం."

"ఆ డ్రమ్ము తెప్పించింది నేనప్పా. దాని జోలికి పోవద్దు."

పాత సీసాలో మిగిలిన యాసిడ్‌తో ఆమె పాలను అందరి ముందూ పరీక్షించాను. శాతం గీతల మధ్యకే వచ్చింది. అవే పాలు కొత్త యాసిడ్‌తో మళ్లీ కిందికి పోయాయి. చెమ్మ చేరి పలచబడిన యాసిడ్ వెన్నను పూర్తిగా విడదీయడం లేదు.

"సర్లే, పాలు పోయించుకో. ప్రమాణం గూడా అయిపోతే అనుమానం ఉండదు గదా!" అన్నాడాయన.

"నీ డ్రమ్ముకు నేను ప్రమాణం చేసేదేందప్పా? తెచ్చినోడివి నువ్వే ఆర్పు!" అంది గంగులమ్మ. క్యాన్లు దించేవాళ్లు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. "మా ఊర్లో నన్ను దొంగను చేసినావు. ఆడికొచ్చి సెప్పు, కాదని."

"నాకు పని ఉండాది" అంటూ ఆయన గదిలోకి వెళ్లిపోయాడు.

గోడమీది కాగితం ఊడదీసి, చుట్టి, ఆమెతో సదుం బస్సెక్కాను.

"దీన్ని సూస్తే మావోళ్లకు తెలస్తాదా సామీ?"

"అన్ని ఊళ్ల చుక్కలూ ఒకే దినం గీత కిందికి పడినాయమ్మా. అది చూస్తే చాలు."

"అయితే ముందర మా అత్తకు సూపీ. దొంగని మొదట అనింది ఆమే."