తాపీ నదిలో నల్ల గాగుల్స్

కరోనాతో విజయరాణి ఈదే స్విమ్మింగ్ పూల్ మూతపడి ఏడాదిన్నర దాటింది. ఆ ఏడాదిన్నరలో అరచేతంత ఫోన్‌లో కాలేజీ పాఠాలు చూసి చూసి ఆమె కళ్లు పాడయ్యాయి. ఆ సంగతి ఆమె తండ్రి కనకయ్యకు నదిలో ఈత పోటీ వారం ఉందనగా తెలిసింది, అదీ నుదురు చిట్లి నెత్తురోడుతూ ఆమె ఇంటికి వచ్చాక.

"ఏంది బిడ్డా ఇది?"

"ఒడ్డుకు కట్టేసిన పడవకు గుద్దుకున్న బాపూ. కనబడలే."

పాత గాగుల్స్ లాక్‌డౌన్‌కు ముందు కొన్నవి. ఇప్పుడు ఎడమ కంటికి అయిదు, కుడి కంటికి ఏడు నంబరు. పూల్‌లో అయితే అడుగున గీసిన గీత పట్టుకుని పోవచ్చు. నదిలో గీతలేముంటాయి?

"మరి నాకెందుకు చెప్పలే?"

"మిల్లు ఇప్పుడిప్పుడే చాలూ అయింది. నీకేం చెప్పాలె?"

కనకయ్య మిల్లులో మరమగ్గాల, సాంచాల మోతలో బతికిన మనిషి, ఈత రాని మనిషి. కానీ ఈ పోటీలో గెలిస్తేనే సముద్రపు ఈతకు పంపుతారనీ, వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుందనీ ఆయనకు తెలుసు. కంట్లో లెన్సులు పెట్టుకోవచ్చా అని కోచ్ హేతల్‌బెన్‌కు ఫోన్ చేశాడు. నది నీళ్లు లెన్సు కింద చేరితే కన్నే పోతుందని ఆమె కసిరింది.

మర్నాడు మిల్లుకు నాగా పెట్టి కూతురితో బజారంతా తిరిగాడు. ఆటసామాన్ల దుకాణాల్లో మామూలు గాగుల్స్ తప్ప లేవు. కళ్లద్దాలాయన కంటి నంబర్ల చీటీ చూసి, ఏ కంటికి ఆ నంబరు వేసి చేయించాలంటే ముంబై నుంచి రావాలి, పదిహేను రోజులన్నాడు. కనకయ్య చేతులు జోడించాడు. కళ్లద్దాలాయన మాస్కు సర్దుకుని, "క్యా కరూఁ భాయ్," నేనేం చేయను అని తల తిప్పుకున్నాడు.

చివరికి ఒక చిన్న కొట్లో తయారుగా ఉన్న జత దొరికింది. రెండు కళ్లకూ అయిదే. పైగా అద్దంలా మెరిసే నల్ల రంగు. కొట్టువాడు చెప్పినట్టు రాణి వాటిని పట్టీ లేకుండా కళ్లకు అదిమింది. రెండూ పట్టుకుని నిలిచాయి, నీళ్లు దూరవు. మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వెళ్లి ఎదుటి చీరల దుకాణం బోర్డు గట్టిగా చదివింది.

"కనబడుతుందా?"

"మంచిగ కనబడుతుంది బాపూ!"

ఆ రాత్రి కనకయ్య కడుపునిండా తిన్నాడు. నుదుటి గాయం మానాలని రాణి పోటీ దాకా నీళ్లలో దిగలేదు.

పోటీ రోజు తెల్లవారకముందే తాపీ నది మీద మంచు కమ్మింది. ఆ మసకలోనే పోటీ మొదలైంది. ఒక్కో ఈతగాడి వెంట ఒక్కో పడవ. దారి చెప్పవచ్చు కానీ ముట్టుకుంటే పోటీ నుంచి తీసేస్తారు. కనకయ్య పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. నది మధ్య తేలుతున్న పసుప్పచ్చ బెలూన్‌ను చుట్టి వెనక్కి రావాలి. అందరూ అటు తిరిగారు. రాణి మాత్రం తిరగలేదు. కాజ్‌వే వైపు, నదికి అడ్డంగా కట్టిన ఆ కట్ట మీంచి నీళ్లు దూకుతున్న చప్పుడు వైపు పోతోంది.

"ఎడమకు! బిడ్డా, ఎడమకు!"

చెవుల మీద టోపీ, తల నీళ్లలో. ఆమెకేం వినబడుతుంది? ఆయన అరిచీ అరిచీ లాభం లేక, తెడ్డు లాక్కుని పడవను బాదాడు. రాణి ఆగి తల ఎత్తింది.

"ఎటు బాపూ? అంతా నల్లగున్నది!"

మధ్యాహ్నపు ఎండకు చూసి కొన్న నలుపు ఈ మసక వెలుతురులో కళ్లకు గంతలు కట్టింది. ఆమె గాగుల్స్ లాగేసింది. ఉన్న కాస్త చూపూ పోయింది. మళ్లీ పెట్టుకుంది.

"నా గొంతు ఇనుకుంట రా!"

వచ్చింది. నాలుగు బారలు వేసి మళ్లీ పక్కకు పోయింది. కాలు కొంకర్లు పోయినట్టుంది, నీళ్లు మింగి దగ్గింది. ఆయన చెయ్యి చాచాడు.

"ముట్టకు! ముట్టితే అయిపోతది!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కన్నకూతురు మునుగుతుంటే చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎట్లా ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది. మరోసారి ఆమె తల నీళ్ల కిందికి పోయింది. కనకయ్య ఇంక ఆగలేదు. నడుం దాకా పడవ బయటికి వంగి ఆమె జబ్బ దొరకబుచ్చుకున్నాడు. పడవవాడు ఆయన కాళ్లు పట్టుకోకపోతే ఇద్దరూ పోయేవారే.

పడవలో పడ్డాక రాణి ఆయన ఛాతీ మీద పిడికిళ్లతో గుద్దింది. "జర దూరమే ఉండె! ఎందుకు ముట్టినవ్?"

"కట్ట దిక్కు పోతున్నవ్ బిడ్డా."

ఆమె నమ్మలేదు. పడవవాడు చెయ్యి చూపించాడు. ఆమెకు ఆ చెయ్యే సరిగా కనబడలేదు. అప్పుడు ఏడ్చింది. కనకయ్యా ఏడ్చాడు.

తర్వాత కనకయ్య చేయించిన గాగుల్స్ ముంబై నుంచి వచ్చాయి. రంగులేని అద్దాలు, ఏ కంటి నంబరు ఆ కంటికి. రాణి చాలా రోజులు డబ్బా విప్పలేదు. ఒక వేకువన తనే తండ్రిని లేపి నది ఒడ్డుకు తీసుకుపోయింది. నీళ్లలోకి దిగలేదు. గాగుల్స్ పెట్టుకుని, ఆ మసక వెలుతురులో అల్లంత దూరాన గట్టు మీద పళ్లు తోముకుంటున్న మనిషినీ, అతని పక్కన కుక్కనూ చూపించింది.

"మల్ల ఈదుత బాపూ, పెద్దోళ్ల పోటీల. పడవల నువ్వే కూసో. గని ఈసారి ముట్టద్దు."

కనకయ్య ఆమె నుదుటి మచ్చ మీద చెయ్యి వేశాడు.

"మునిగితే ముట్టుకుంట," అన్నాడు.